మా వంటింట్లో 20 లీటర్ల మైక్రోవేవ్: ఏది వెచ్చబెట్టాలి, ఏది పొయ్యికే వదిలేయాలి

మా ఇంట్లో ఉన్నది 20 లీటర్ల సోలో మైక్రోవేవ్. 2019లో కొన్నాం. కేకులు చేయదు, చికెన్ కాల్చదు, ఉన్నదాన్ని వేడి చేసి పెడుతుంది, అంతే. గ్రిల్లూ కన్వెక్షనూ ఉన్నది తీసుకోండని షాపులో కుర్రాడు గట్టిగానే పట్టుబట్టాడు. తీసుకోనందుకు ఇప్పటిదాకా ఏ రోజూ బాధపడలేదు.

మాది సత్యనారాయణపురంలో గాలి ఆడని వంటిల్లు. మే నెలలో మధ్యాహ్నం రెండింటికి పొయ్యి వెలిగించడమంటే ఏమిటో బెజవాడ వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఫ్యాను వేస్తే మంట ఆగదు, వేయకపోతే మనం ఆగలేం. అలాంటప్పుడు పొద్దున వండి ఫ్రిజ్‌లో పెట్టిన పప్పూ అన్నం రెండు మూడు నిమిషాల్లో పొగలు కక్కుతూ పళ్లెంలోకి వస్తే, దాని డబ్బులు అక్కడే వచ్చేసినట్టు.

అయితే అన్నిటికీ పనికిరాదు. దాని తరంగాలు ముఖ్యంగా తిండిలో ఉన్న నీటిని పట్టుకుని వేడెక్కిస్తాయి. కాబట్టి చారు, సాంబారు, పులుసు, అన్నం లాంటి తడి వంటలు చక్కగా వెచ్చబడతాయి. కరకరలాడాల్సినవన్నీ మెత్తబడి చస్తాయి.

అన్నం సంగతే చూడండి. ఫ్రిజ్‌లో రాత్రంతా ఉన్న అన్నం పలుకుపలుకుగా బిగుసుకుపోతుంది. చల్లబడేకొద్దీ గింజలోని పిండి పదార్థం గట్టిపడటం వల్ల వచ్చే తిప్పలు ఇవి. వేడి, తడి రెండూ కలిసి తగిలితే మళ్లీ మెత్తబడుతుంది. ఒక మనిషికి సరిపడే అన్నం గాజు గిన్నెలో వేసి, ముద్దలు విడదీసి, రెండు చెంచాల నీళ్లు చిలకరించి, మూత ఓరగా పెట్టి నిమిషంన్నర ఉంచుతాను. కుప్పగా పోయకూడదు. తరంగాలు పైనుంచి రెండు మూడు సెంటీమీటర్ల లోతుకే బాగా దిగుతాయి, అక్కణ్నుంచి లోపలికి వేడి మెల్లగా పాకాల్సిందే. అందుకే మధ్యలో గుంట చేసి చుట్టూ సర్దాలి. ఆగిన వెంటనే తలుపు తీయకుండా ఒక నిమిషం వదిలేస్తే వేడి అంతటా సర్దుకుంటుంది. ఇలా చేసిన అన్నానికీ అప్పుడే వార్చిన దానికీ తేడా మా అత్తయ్యగారు ఒక్కరే కనిపెడతారు. ఆవిడ కనిపెడతారు గనుక ఆవిడ అన్నం ఇడ్లీ పాత్రలో ఆవిరి మీదే వేడవుతుంది.

ముద్దపప్పు ఫుల్ పవర్ మీద పెడితే టప్‌టప్‌మని పేలి లోపలి గోడలన్నీ పసుపు చేస్తుంది. కొంచెం వేడినీళ్లు కలిపి సగం పవర్‌లో పెట్టాలి. మా మోడల్లో సగం పవర్ అంటే మంట తగ్గించినట్టు కాదు. కాసేపు పూర్తి జోరుతో పనిచేసి, కాసేపు ఆగుతుంది. గుయ్‌మనే శబ్దం ఆగి ఆగి రావడం వినిపిస్తూనే ఉంటుంది. ఆ ఆగిన క్షణాల్లోనే వేడి లోపలికి దిగుతుంది. చాలా ఇళ్లలో ఆ పవర్ బటన్ జోలికే ఎవరూ పోరు, తర్వాత కూర అంచుల్లో మాడింది, మధ్యలో చల్లగా ఉందని మిషన్‌ను తిడతారు.

కోడిగుడ్డు పులుసులో గుడ్లు రెండు ముక్కలుగా కోశాకే లోపల పెట్టండి. పూర్తి గుడ్డులో ఆవిరి బయటికి పోయే దారి లేక పేలుతుంది. ఒక్కోసారి బయటికి తీసి చెంచా తగిలించాక పేలుతుంది, అది ఇంకా ప్రమాదం. కర్రీ పాయింట్ నుంచి తెచ్చిన కవర్‌ను కవర్‌గానే పెట్టేవాళ్లను చూశాను. దయచేసి గాజు గిన్నెలోకో పింగాణీ గిన్నెలోకో తిరగబోసుకోండి. స్టీలు గిన్నెలు, బంగారు అంచున్న కప్పులు, మెలమైన్ పళ్లేలు బయటే ఉండాలి.

దొండకాయ వేపుడు, గారెలు, మిరపకాయ బజ్జీలు, దోసెలు, వీటికి పెనమే గతి. వేపుడు బాండీలో వేసి, నూనె చుక్క వేయకుండా, మూత పెట్టకుండా సిమ్‌లో కలుపుతుంటే మళ్లీ కరకరలాడుతుంది. బిర్యానీ కూడా ఎక్కువ ఉంటే పొయ్యి మీదే: మందపాటి పెనం మీద గిన్నె పెట్టి, కాసిని నీళ్లు చిలకరించి, మూత బిగించి పావుగంట సన్న సెగ. ముక్క లోపలిదాకా కాలేలా వేడెక్కిందో లేదో ఎముక దగ్గర విరిచి చూస్తే తెలుస్తుంది.

ఎలా వేడి చేశామన్న దానికంటే ముందు ఎంతసేపు బయట ఉంచామన్నది చూసుకోవాలి. అన్నంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. గది వేడిలో వదిలేస్తే మొలకెత్తి విషం తయారు చేస్తాయి. వాంతులు తెప్పించే ఆ విషం మళ్లీ ఎంత వేడి చేసినా పోదు. మామూలుగా రెండు గంటల్లోపు, 32 డిగ్రీలు దాటిన రోజుల్లో గంటలోపు ఫ్రిజ్‌లో పెట్టమంటారు. మన ఊళ్లో 32 దాటని రోజులు ఏడాదిలో ఎన్నుంటాయి? పెద్ద గిన్నె అన్నాన్ని వెడల్పాటి పళ్లేల్లో పరిస్తే త్వరగా చల్లారుతుంది. తినేదాన్నే తీసి వేడి చేయాలి. గిన్నె మొత్తం వేడి చేసి, మిగిలింది మళ్లీ ఫ్రిజ్‌లోకి తోయడం మా ఇంట్లో బంద్.

కరెంటు బిల్లు గురించి టెన్షన్ అక్కర్లేదు. గోడ నుంచి 1200 వాట్లు లాగే మిషన్ రెండు నిమిషాలు నడిస్తే 0.04 యూనిట్, అంటే పాతిక సార్లు వాడితే ఒక యూనిట్. చిక్కల్లా కరెంటు పోయినప్పుడే. ఫ్యాన్లకూ లైట్లకూ పెట్టుకున్న చిన్న ఇన్వర్టర్ ఈ లోడు మోయదు, ప్రయత్నించకండి. అప్పుడు మరిగే నీళ్ల గిన్నెలో కూర గిన్నె దించి మూత పెట్టడమే. టైం పడుతుంది కానీ అడుగంటదు, పాలు కలిపిన కూరలు విరగవు కూడా.

ఇద్దరు ముగ్గురున్న ఇంటికి, వేళకొకరు తినే ఇంటికి సోలో మైక్రోవేవ్ కళ్లు మూసుకుని కొనొచ్చు. అందరూ ఒకేసారి కూర్చుని తినే ఇంట్లో మాత్రం వద్దు. ఆరు పళ్లేలు ఒకదాని తర్వాత ఒకటి తిప్పేలోపు పొయ్యి మీద ఒక్క బాండీలో పని అయిపోతుంది.