రంగం టేకు కింద ఒక రాత్రి

తమిళనాడులోని చెట్టినాడులో, మేము దిగిన హోటల్ గదిలోకి అడుగుపెట్టగానే నాన్న చెప్పులు విడిచి, నెమ్మదిగా వంగి నేలను అరచేత్తో తడిమారు. "ఇది ఆత్తంగుడి టైలు కాదురా. పూలు అచ్చేసిన పింగాణీ" అన్నారు. ఆత్తంగుడి అక్కడి ఊరే, చేత్తో పోసే సిమెంటు టైళ్లకు పేరు. గది ముందున్న స్తంభాన్ని వేలి కణుపుతో కొట్టి చూశారు. లోపల సిమెంటు, పైన టేకు రంగు. రెండు గదులకు రెండు రాత్రుల బాడుగ, పన్నుతో కలిపి 42,480 రూపాయలు, నేను అప్పటికే కట్టేశాను.

మేము చెట్టినాడు వెళ్లిందే కలప కోసం. నాన్న రాజమండ్రిలో ముప్పై ఆరేళ్లు కలప అడితిలో పనిచేశారు. అంతకన్నా పాత కారణం మరొకటి ఉంది. ఆయన తాత కాకినాడ దగ్గర ఓడ ఎక్కి రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్లి బియ్యం మిల్లులో కూలి చేశాడు. కోరంగి రేవు పేరు మీద తెలుగు కూలీలందరినీ అక్కడ కోరంగీలు అనేవారు. 1942లో జపాన్ సైన్యం వచ్చినప్పుడు అరకాన్ కొండల మీదుగా నడిచి, ఒంటి మీది బట్టలతో ఇల్లు చేరాడు. అదే బర్మాలో వడ్డీ వ్యాపారం చేసిన నాట్టుకోట్టై చెట్టియార్లు టేకును ఓడల్లో తెప్పించి తమ ఊళ్లలో మేడలు కట్టుకున్నారు. "మా తాత ఏమీ తేలేకపోయాడు. ఆ కలప కింద ఒక్క రాత్రి పడుకోవాలి" అని నాన్న ఏళ్లుగా అంటున్నారు. డెబ్బై నాలుగేళ్ల మనిషి నోరు తెరిచి అడిగిన కోరిక అదొక్కటే.

హైదరాబాద్ నుంచి తిరుచ్చికి విమానం, అక్కడి నుంచి చెట్టినాడు ఊళ్లలో ఒకటైన కానాడుకాత్తాన్‌కు కారు (3,200 రూపాయలు). దారిలో తిరుమయం కోట చూశాం, బాగుంది. హోటల్ వాళ్లు నన్నారి షర్బత్ ఇచ్చారు. వీధి అరుగు, పెద్ద హాలు, మొదటి మండువా, దాని చుట్టూ నల్లగా నిగనిగలాడే స్తంభాలు చూసి నాన్న ముఖం వెలిగిపోయింది. ఫొటోల్లో చూపింది ఇదే. కానీ మా సామాను పట్టుకున్న అబ్బాయి ఆగలేదు. రెండో మండువా దాటి, వంటిల్లు దాటి, పెరటి తలుపులోంచి బయటికి తీసుకెళ్లాడు. అక్కడ కొత్తగా కట్టిన రెండంతస్తుల వరుస ఉంది. మా "హెరిటేజ్ గదులు" అందులోవి.

మేనేజర్ గొంతు ఎంతో మర్యాదగా ఉంది. "శైలి ఒకటే సార్, సౌకర్యాలు ఇక్కడే ఎక్కువ" అన్నాడు. పాత ఇంట్లో ఉన్నవి నాలుగే గదులట, అవి పెళ్లి ఫొటోల బృందానికి ఇచ్చారట. డబ్బు తీసుకున్నప్పుడు ఈ తేడా ఎందుకు రాయలేదని అడిగితే అదే వాక్యం మళ్లీ చెప్పాడు. గొడవ వద్దని మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని లాగింది. మధ్యాహ్న భోజనం మనిషికి 1,400. అన్ని కూరల్లోనూ ఒకటే మసాలా, ఒకటే ఎరుపు. నాన్న పెరుగన్నం తిని లేచారు.

ఆ రాత్రి నాన్న పాత ఇంటి మండువాలో ఒక స్తంభానికి ఆనుకుని కూర్చున్నారు. పది గంటలకు కాపలావాడు వచ్చి, ఫొటోలు తీస్తున్నారు, లేవమన్నాడు. ఆయన ఏమీ అనకుండా లేచి వచ్చేశారు. ఆ సంగతి తెలిశాక మా ఆవిడే మేనేజర్ దగ్గరికి వెళ్లింది. పగలు నన్ను ఆపిన మనిషి గంటన్నర సేపు కదలకుండా నిలబడి వాదించింది. మేము రెండో రాత్రి ఉండబోమని, ఆ 21,240 వెనక్కి ఇవ్వాలని పట్టుబట్టింది. సగం, 10,620, అప్పటికప్పుడు ఇచ్చారు.

మర్నాడు పొద్దున ఆత్తంగుడిలో టైళ్లు చేసేచోటికి వెళ్లాం. నాన్న అనుమానం అక్కడ పూర్తిగా తీరింది. గాజు పలక మీద లోహపు అచ్చు పెట్టి, గళ్లలో రంగు సిమెంటు పోసి, అచ్చు ఎత్తేసి, పైన ఇసుక, సిమెంటు వేసి గట్టిగా అదుముతారు. తరువాత నీళ్లలో నానబెట్టి ఆరబెడతారు. గాజును ఆనుకుని ఉన్న వైపే నేల మీద పైకి వస్తుంది. చేత్తో పోసింది కనుక ఏ రెండు పూలూ అచ్చంగా ఒకేలా ఉండవు. మా గదిలో గోడ నుంచి గోడ దాకా ఒకే పువ్వు.

రెండో రాత్రి మా డ్రైవర్ చూపించిన ఇంట్లో ఉన్నాం. గది పన్నుతో 4,725. ఇంటావిడను అందరూ ఆచ్చి అంటారు. ఈ ఇళ్లలో మండువా చుట్టూ ఉండే చిన్న గదులు ఒకప్పుడు పెళ్లయిన ఒక్కో కొడుక్కి ఒక్కటి చొప్పున ఇచ్చినవి. అందుకే ఇరుకు, వెలుతురు తక్కువ. స్నానాలగది మూలలో తరువాత కట్టింది, మనిషి తిరగడం కష్టం. వేడినీళ్లకు ఇరవై నిమిషాలు ఆగాలి. గడపలు ఎత్తు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు చెయ్యి అందించాలి. ఇవన్నీ ఉన్నా మళ్లీ వెళితే నేను అక్కడే దిగుతాను. సున్నంలో కోడిగుడ్డు తెల్లసొన కలిపి మెత్తిన గోడ, ఇన్నేళ్ల తరువాత కూడా చెంప ఆనిస్తే చల్లగా, నున్నగా ఉంది. నాన్న స్తంభం చుట్టూ తిరిగి, "అంతా చేవే. ఒక్క కణుపు లేదు" అన్నారు.

భోజనం మనిషికి 600, అరటాకులో. మిరియాల కోడికూరలో రాతిపువ్వు వాసన ముందు వచ్చి, కారం తరువాత తెలిసింది. బియ్యం కడిగిన నీళ్లలో చింతపండు పులుసుతో వండిన బెండకాయ మండి మా ఆవిడకు ఎంత నచ్చిందంటే, వంటింట్లోకి వెళ్లి కొలతలు రాసుకుంది. నాన్న తాత రంగం వెళ్లాడని డ్రైవర్ తమిళంలో చెప్పగానే ఆచ్చి లోపలికి వెళ్లి ఎర్రటి లక్కపూత బుట్ట తెచ్చింది, బర్మాలో చేసినది, తన అత్తగారి పెళ్లినాటిదట. ఆ తరువాత నల్లబియ్యంతో చేసిన కవుణి అరిసి అనే తీపి వంటకం, కొబ్బరి వేసి, చిన్న గిన్నెలో పెట్టింది. ఆ బియ్యం కూడా బర్మా నుంచి వచ్చిందేనని చెప్పింది. తీపి మానేసిన నాన్న రెండుసార్లు పెట్టించుకున్నారు. నేను వద్దనలేదు.

గదిలో మంచం ఉండగా ఆయన చాప అడిగి మండువా వసారాలో, దూలాల కింద పడుకున్నారు. ఆచ్చి దిండు తెచ్చి ఇచ్చింది. ఎవరూ లేవమనలేదు.

మీరు వెళ్లేటట్లయితే డబ్బు కట్టకముందే ఒక్క ప్రశ్న అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి: మాకిచ్చే గది పాత ఇంటి లోపల ఉందా, వెనక ఉందా? ఆ గది పైకప్పు ఫొటో కూడా అడగండి. గదుల వివరాల్లో "శైలి" అనే మాట కనిపిస్తే ఆ హోటల్‌ను వదిలేయండి. మొదటి హోటల్ నుంచి మాకు మిగతా 10,620 రూపాయలు రావాలి. మూడు ఉత్తరాలు రాశాను, నాలుగోది ఈ వారం పంపుతున్నాను.