ఆస్టియోసార్కోమా తిరగబెడితే: ఐఫాస్ఫమైడ్ డ్రిప్పా, రెగొరాఫెనిబ్ మాత్రలా?

డాక్సోరుబిసిన్, సిస్‌ప్లాటిన్ అనే కీమో మందులు పూర్తయ్యాక కూడా ఈ ఎముక క్యాన్సర్ ఊపిరితిత్తుల్లో మళ్లీ కనిపిస్తే, మిగిలిన కణాలు మొండికేశాయన్నమాట. కొన్ని కణాల్లో పీ-గ్లైకోప్రోటీన్ అనే పంపు డాక్సోరుబిసిన్‌ను బయటికి తోసేస్తుంది. గడ్డలు తీయడానికి వీలైతే ముందు సర్జరీ గురించే అడగండి. కుదరకపోతేనే ఈ పోలిక.

పనితీరు: ఐఫాస్ఫమైడ్ డీఎన్ఏను దెబ్బతీస్తుంది, గడ్డ తగ్గే ఆశ ఎక్కువ. రెగొరాఫెనిబ్ కొత్త రక్తనాళాలను అడ్డుకుంటుంది. గడ్డ కరగడం అరుదు, పెరుగుదల నెమ్మదిస్తుంది. 2019లో వెలువడిన ఫ్రెంచ్ ట్రయల్‌లో 8 వారాలకు 65% మందిలో జబ్బు ముదరలేదు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో అలాంటివారు ఒక్కరూ లేరు.

శ్రమ, ఖర్చు: డ్రిప్‌కు రోజుల తరబడి అడ్మిషన్, మూత్రాశయాన్ని కాపాడే మెస్నా. మాత్రలు ఇంట్లోనే, 3 వారాలు వేసుకుని ఒక వారం ఆపాలి, కానీ నెలనెలా మందుల బిల్లు.

రిస్క్: డ్రిప్‌తో తెల్లకణాలు పడిపోతాయి, కిడ్నీలు దెబ్బతినొచ్చు. మగతగా, పొంతన లేకుండా మాట్లాడితే వెంటనే నర్సుకు చెప్పండి. కుర్రాళ్లైతే వీర్యం ముందే భద్రపరచాలి, ఈ మాట చాలాచోట్ల ఎవరూ ఎత్తరు! మాత్రలతో అరచేతులు, అరికాళ్లు మండి పొక్కులొస్తాయి, బీపీ పెరుగుతుంది.

కిడ్నీలు బాగుండి, గడ్డ త్వరగా తగ్గాల్సి ఉంటే డ్రిప్. మన దేశంలో చాలామందికి మొదటి విడతలోనే ఐఫాస్ఫమైడ్ ఇస్తారు. అలాంటివారికి, ఒంట్లో ఓపిక లేనివారికి మాత్రలే నయం.