అమీర్‌పేటలో డబ్ల్యూపీఎఫ్ వారాంతపు తరగతులు: గ్రిడ్ దాకా నిదానం, ఆపైన పరుగు

మైత్రీవనం దగ్గరి ఒక శిక్షణ సంస్థలో ఎనిమిది వారాలపాటు డబ్ల్యూపీఎఫ్ (విండోస్ ప్రోగ్రాముల తెరలు తయారుచేసే మైక్రోసాఫ్ట్ సాధనం) నేర్చుకున్నాను. 2006లో వచ్చినదాన్ని ఇప్పుడు నేర్చుకోవడమేమిటని ఆఫీసులో నవ్వారు గానీ, మాకు అప్పగించిన పాత ప్రాజెక్టు అందులోనే ఉంది. అదే పనికి దానికన్నా ముందునుంచీ ఉన్న విన్‌ఫార్మ్స్‌లో ఏళ్ల తరబడి పనిచేసినవాడిని కనుక, తెరమీద బటన్ పెట్టడం కూడా ఒకరు నేర్పాలా అన్న ధీమాతో వెళ్లాను. రెండో శనివారానికే అది దిగిపోయింది.

విన్‌ఫార్మ్స్‌లో బటన్ లాంటిది చేర్చాలంటే, ఫారమైనా ప్యానెలైనా కంట్రోల్స్.యాడ్ అంటే చాలు. డబ్ల్యూపీఎఫ్‌లో వరుసలు, కాలమ్‌లుగా అమర్చే గ్రిడ్, ఒకదాని తర్వాత ఒకటి పేర్చే స్టాక్‌ప్యానెల్ వంటివాటికి చిల్డ్రన్.యాడ్ వాడాలి, బోర్డర్‌లో చైల్డ్‌గా ఒక్కటే పడుతుంది, విండోకు కంటెంట్, జాబితా చూపే లిస్ట్‌బాక్స్‌కు ఐటమ్స్. ఈ తేడాను బోర్డు మీద రాసి వదిలేయకుండా, మాస్టారు ఇరానీ హోటల్ బిల్లింగ్ తెరను ఇచ్చి, చాయ్, ఉస్మానియా బిస్కెట్, సమోసా బటన్లను కోడ్‌తోనే గ్రిడ్‌లో చేర్చమన్నారు. నేను మూడూ చేర్చాను, కనబడింది సమోసా ఒక్కటే. గ్రిడ్.సెట్‌రో, గ్రిడ్.సెట్‌కాలమ్‌లతో చోటు చెప్పకపోతే ప్రతి బటనూ సున్నా వరుస, సున్నా కాలమ్‌లోకే వెళ్లి, చివర చేరినది మిగతావాటిని కప్పేస్తుందని అప్పుడు అర్థమైంది. తర్వాత అదే చాయ్ బటన్‌ను ఇంకో ప్యానెల్‌లో చేర్చమన్నారు. విన్‌ఫార్మ్స్ అయితే చప్పుడు లేకుండా పాత చోటునుంచి తీసి కొత్త చోట పెట్టేది. ఇక్కడ ముందుగా చిల్డ్రన్.రిమూవ్ చేయనందుకు ప్రోగ్రామ్ ఎక్సెప్షన్‌తో ఆగిపోయింది. ఈ ఒక్క తరగతికే ఫీజు గిట్టిందనిపించింది.

చివరి రెండు వారాల మీదే నా ఫిర్యాదు. స్టాక్‌ప్యానెల్‌లో పెట్టిన లిస్ట్‌బాక్స్‌కు స్క్రోల్ ఎందుకు రావడం లేదని అడిగితే, హైట్ ఇచ్చేయండి అని మాస్టారు ముందుకు సాగిపోయారు. నిలువు స్టాక్‌ప్యానెల్ తన పిల్లలను కొలిచేటప్పుడు ఎత్తుకు హద్దు పెట్టదనీ, అందువల్ల తన జాబితా మొత్తానికీ చోటు ఉందని లిస్ట్‌బాక్స్ అనుకుంటుందనీ నేను ఇంటికొచ్చి వెతుక్కోవలసి వచ్చింది. గ్రిడ్‌లో స్టార్ వరుసలోకి (మిగిలిన ఎత్తును మాత్రమే తీసుకునే వరుస) మార్చగానే స్క్రోల్ వచ్చింది. అసలు పనిలో ఎక్కువగా వాడే, జాబితాను నేరుగా డేటాకు ముడిపెట్టే ఐటమ్స్‌సోర్స్‌కు దక్కినది ఒక్క గంట. విన్‌ఫార్మ్స్ తెలిసినవారు నిశ్చింతగా చేరవచ్చు. కొత్తవారు మాత్రం ఆ చివరి రెండు వారాల పాఠాలను మళ్లీ చెబుతారో లేదో అడిగి, ఆ తర్వాతే ఫీజు కట్టడం మంచిది.