జాగ్రత్త: వాషింగ్ మెషిన్‌లో నీళ్లు పోవట్లేదంటే చూడకుండానే "పంపు కాలిపోయింది" అనేవాళ్లను నమ్మకండి

వాషింగ్ మెషిన్ నీళ్లు వదలట్లేదని పిలిస్తే, కిందున్న ఫిల్టర్ మూత కూడా తెరవకుండా "పంపు (నీళ్లు బయటికి తోసేది) పోయింది, బోర్డు (మెషిన్‌ని నడిపే ఎలక్ట్రానిక్ సర్క్యూట్) కూడా పోయింది" అనే మెకానిక్‌కి డబ్బు ఇవ్వకండి. మా ఇంట్లో ఇదే జరిగింది. బాగున్న పంపు తీసేసి కొత్తది పెట్టారు, అసలు అడ్డు మాత్రం మెషిన్‌లోనే ఉండిపోయింది. ఇంకెవరికీ ఇలా జరగకూడదని వివరంగా రాస్తున్నాను. కొంచెం పొడుగైంది. టబ్‌లో నీళ్లు, తడిబట్టలు ఉండిపోయి తలుపు తెరుచుకోని రోజున చదువుకోవడానికి దాచిపెట్టుకోండి.

మాది ఫ్రంట్‌లోడ్ మెషిన్, వారంటీ అయిపోయింది. ఒకరోజు ఉతకడం పూర్తయ్యాక నీళ్లు బయటికి పోలేదు, డిస్‌ప్లే మీద ఎర్రర్ కోడ్ వచ్చింది. ఇంటర్నెట్‌లో వెతికితే పైన కనిపించిన సర్వీస్ నంబర్‌కి ఫోన్ చేశాం. వచ్చినతను మెషిన్‌ని ముందుకు లాగి, వెనక ప్లేటు విప్పి, టార్చి వేసి చూసి "బోర్డు కొట్టేసింది, దాంతో పంపు కూడా కాలిపోయింది, రెండూ మార్చాలి" అన్నాడు. చేతిలో మల్టీమీటర్ (కరెంటు భాగాలు బాగున్నాయో లేదో కొలిచే మీటర్) లేదు, ఏదీ కొలిచి చూడలేదు. బోర్డు రేటు విని మేం వెనకాడితే "సరే, ముందు పంపు ఒక్కటీ వేద్దాం" అన్నాడు. మెషిన్‌ని పక్కకి వాల్చి పంపు మార్చాడు. నీళ్లు పోయాయి. కొన్నాళ్లకే మళ్లీ అదే కోడ్. ఫోన్ చేస్తే "ముందే చెప్పాం కదా, బోర్డు మార్చాల్సిందే" అన్నారు.

ఈ మాటలో ఉన్న తిరకాసు గమనించండి. డ్రెయిన్ పంపుకి కరెంటు ఇచ్చేది ఆ బోర్డే. దానిలో పంపుకి కరెంటు పంపే భాగం కాలిపోయి ఉంటే, కొత్త పంపు పెట్టినా తిరగదు. తిరిగి నీళ్లు తోడేసిందంటే ఆ భాగం పనిచేస్తున్నట్టే కదా! మాకు అనుమానం వచ్చింది ఇక్కడే.

తెలిసినవాళ్ల ద్వారా ఇంకో మెకానిక్‌ని పిలిచాం. ఆయన ముందు నీళ్లన్నీ తీసేసి, ఫిల్టర్ విప్పి, తర్వాత టబ్ నుంచి పంపుకి వచ్చే లావుపాటి రబ్బరు గొట్టం ఊడదీశారు. అందులో మడతపడి ఇరుక్కుని పసిపిల్లల సాక్సు ఒకటి! తలుపు దగ్గరుండే రబ్బరు రింగుకీ డ్రమ్ముకీ మధ్య సందులోంచి ఇలాంటి చిన్న బట్టలు జారి బయటి టబ్‌లోకి పోతాయట. మెషిన్‌ని వాల్చినప్పుడు అది కాస్త పక్కకి జరిగింది, అందుకే నీళ్లు పోయాయి. ఉతికేకొద్దీ మళ్లీ గొట్టం మూతికి వచ్చి అడ్డం పడింది. పాత పంపు మా దగ్గరే ఉంచుకున్నాం కాబట్టి ఆయనకి చూపించాం. మల్టీమీటర్ పెట్టి కాయిల్ (పంపు లోపలి తీగచుట్ట) చూశారు, లోపలి రెక్క తిప్పి చూశారు. ఏ లోపమూ లేదు. బోర్డు జోలికి పోనేలేదు, మెషిన్ అదే బోర్డుతో ఇప్పటికీ చక్కగా నడుస్తోంది.

నాకు కోపం వచ్చింది డబ్బు పోయినందుకే కాదు. ఫిల్టర్ తెరిచి గొట్టంలో చెయ్యి పెట్టడం ఈ పనిలో మొట్టమొదట చెయ్యాల్సింది. అది వదిలేసి అన్నిటికన్నా ఖరీదైన వస్తువు మీదికి నేరుగా పోవడం తెలియనితనం అనుకోవడానికి నాకు మనసు ఒప్పట్లేదు.

అందుకని, ఎవరినైనా పిలిచేముందు ఇంట్లోనే చూసుకోగలిగినవి చెప్తాను. అన్నిటికన్నా ముందు స్విచ్ ఆపి, ప్లగ్ ఊడదీయండి. వేడినీళ్లతో ఉతికి ఉంటే నీళ్లు చల్లారేదాకా ఆగండి. లోపల నీళ్లుండగా తలుపు బలవంతంగా లాగొద్దు, లాక్ విరిగితే అదో ఖర్చు. నీళ్లతో ఉన్న మెషిన్‌ని వాల్చొద్దు.

ఎర్రర్ కోడ్ ఉంటే మాన్యువల్‌లో చూసుకోండి. ఎల్‌జీలో ఓఈ (OE), శాంసంగ్‌లో 5ఈ (5E) లేదా 5సీ (5C), బాష్‌లో ఈ18 (E18) కనిపిస్తే నీళ్లు బయటికి పోవట్లేదని అర్థం. అంతవరకే. పంపు కాలిపోయిందని ఆ కోడ్ చెప్పదు. నిర్ణీత సమయంలో నీటిమట్టం తగ్గలేదని మాత్రమే మెషిన్‌కి తెలుస్తుంది, ఎందుకు తగ్గలేదో దానికి తెలియదు. కోడ్ చూపించి "ఇదిగో, పంపు పోయిందని మెషినే చెప్తోంది" అనేవాళ్లున్నారు, ఒప్పుకోకండి.

తర్వాత వెనకాల డ్రెయిన్ పైపు చూడండి. మెషిన్‌ని గోడకి నెట్టినప్పుడు నలిగిందా, మడత పడిందా? పైపు చివర గోడలోని గొట్టంలోకి మరీ లోతుగా దూరిపోయిందా? చాలా ఫ్రంట్‌లోడ్ మెషిన్ల మాన్యువల్‌లో పైపు చివర నేల నుంచి సుమారు 60 నుంచి 100 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలని రాసి ఉంటుంది. మరీ ఎత్తుకి పోతే పంపు తోయలేదు, మరీ కిందికుంటే నీళ్లు పడుతుండగానే బయటికి కారిపోతాయి. కొత్తగా బిగించిన మెషిన్ మొదటి ఉతుకుకే ఆగిపోతే, పైపుని సింకు కింది గొట్టానికి కలిపారేమో చూడండి. ఆ కలిపే చోట కొత్త ఫిటింగుల్లో లోపల ప్లాస్టిక్ బిళ్ల అడ్డంగా ఉంటుంది, దాన్ని కోసి తీయకుండా పైపు తగిలిస్తే చుక్క కూడా పోదు. అలాంటిచోట మెషిన్‌ని తప్పుపట్టి లాభం లేదు.

ఇక అసలైనది ఫిల్టర్. ఫ్రంట్‌లోడ్‌లో ఎక్కువగా ముందువైపు కింద ఓ మూలన చిన్న మూత ఉంటుంది. దాని వెనక గుండ్రటి బిరడా, చాలా మోడళ్లలో పక్కనే సన్నటి పైపు. వెడల్పుగా, లోతు తక్కువగా ఉన్న పళ్లెం పెట్టి, ముందు ఆ సన్న పైపు బిరడా తీసి నీళ్లు పోనివ్వండి. టబ్ నిండుగా ఉంటే చాలా నీళ్లొస్తాయి, పళ్లెం నిండినప్పుడల్లా మూసి పారబోసుకోవాలి. ఓపిక కావాలి. నీళ్లు ఆగాక ఫిల్టర్‌ని ఎడమవైపుకి నెమ్మదిగా తిప్పి లాగండి. నాణేలు, పిన్నులు, గుండీలు, వెంట్రుకలు, నూలుపోగుల ముద్ద, ఏదో ఒకటి దొరికే అవకాశం ఎక్కువ. తిరిగి పెట్టేటప్పుడు మరలు సరిగ్గా పట్టి గట్టిగా బిగిసిందో లేదో చూసుకోండి, వంకరగా కూర్చుంటే నేలంతా నీళ్లే.

ఫిల్టర్ తీసిన రంధ్రంలోకి టార్చి వేస్తే పంపు రెక్క కనిపిస్తుంది. ఓ పుల్లతో మెల్లగా తిప్పి చూడండి. ఇక్కడ చాలామంది మోసపోయేది చెప్తాను. ఈ పంపుల్లో అయస్కాంతం ఉంటుంది కాబట్టి రెక్క గాలిమరలా జర్రున తిరగదు, కాస్త పట్టినట్టుండి ఆగి ఆగి కదులుతుంది. అది మామూలే. దాన్నే చూపించి "చూశారా, ఎంత గట్టిగా ఉందో, జామ్ అయిపోయింది" అంటే నమ్మకండి. అస్సలు కదలకపోతేనో, రెక్క విరిగి ఉంటేనో అప్పుడు అనుమానించాలి.

ఇవన్నీ అయ్యాక ప్లగ్ పెట్టి, మళ్లీ కొన్ని నీళ్లు పట్టనిచ్చి, స్పిన్ లేదా డ్రెయిన్ ఒక్కటే నడిపి చెవి పెట్టి వినండి. పంపు గుయ్యిమంటున్నా నీళ్లు కదలకపోతే ఎక్కడో అడ్డుంది. గరగరలాడితే గట్టి వస్తువేదో రెక్కకి తగులుతోంది. అస్సలు చప్పుడే లేకపోతే పంపు కాయిల్, వైరు, బోర్డు, ఈ మూడింట్లో ఒకటి. బోర్డు మాట ఎత్తాల్సింది ఈ చివరి సందర్భంలో, అదీ కొలిచిన తర్వాత. మా మెషిన్‌లో పంపు చప్పుడు చేస్తూనే ఉంది.

నురగ గురించి కూడా ఒక మాట. చేత్తో ఉతికే పొడి మెషిన్‌లో వేసినా, పొడి ఎక్కువైనా టబ్ అంతా నురగే నిండుతుంది. పంపు నీళ్లని తోయగలదు గానీ నురగని తోయలేదు. కాసేపు అలా వదిలేసి, నురగ తగ్గాక మళ్లీ డ్రెయిన్ పెడితే చాలావరకు పోతుంది.

టాప్‌లోడ్ వాళ్లకి లెక్క వేరు. చాలా టాప్‌లోడ్ మెషిన్లలో పంపే ఉండదు. ఒక చిన్న డ్రెయిన్ మోటార్ వాల్వుని లాగి తెరుస్తుంది, నీళ్లు వాటంతట అవే కిందికి పోతాయి. అలాంటి మెషిన్‌కి పైపు నేల మీదే ఉండాలి. ఎత్తులో తగిలిస్తే ఎంత కొత్త మెషినైనా నీళ్లు వదలదు. కొనేముందే మీ ఇంట్లో నీళ్లు పోయే రంధ్రం నేలలో ఉందా, గోడలో ఉందా చూసుకుని అడగండి. పంపే లేని మెషిన్‌కి "పంపు మార్చాలి" అని ఎవరైనా అంటే ఇక మాట్లాడాల్సిందేం లేదు, పంపించెయ్యండి.

మెకానిక్‌ని పిలవక తప్పకపోతే నంబర్ ఇంటర్నెట్‌లో వెతకొద్దు. పైన కనిపించేవాటిలో కంపెనీ పేరు పెట్టుకున్న బయటివాళ్లవి చాలా ఉంటాయి, మేం పిలిచింది కూడా అలాంటిదే అని తర్వాత తేలింది. మెషిన్‌తో వచ్చిన మాన్యువల్‌లోనో, మెషిన్ మీది స్టిక్కర్‌లోనో ఉన్న నంబర్‌కే చేయండి. ఇంటికొచ్చేముందే డబ్బు పంపమన్నా, ఫోన్‌లో ఏదో యాప్ వేసుకోమన్నా, ఓటీపీ అడిగినా ఏదీ చేయకుండా వెంటనే ఫోన్ పెట్టేయండి.

వచ్చాక మొహమాటపడకండి. "ముందు ఫిల్టర్ తెరవండి, టబ్ గొట్టం చూడండి, తర్వాతే పంపు సంగతి" అనండి. పంపు పోయిందంటే మల్టీమీటర్‌తో మీ ఎదురుగా కాయిల్ చూపించమనండి. 220 నుంచి 240 వోల్టుల మీద నడిచే పంపులకి చాలావరకు 100 నుంచి 200 ఓమ్‌ల మధ్య చూపిస్తుంది, కాయిల్ తెగిపోతే మీటర్‌లో ఓమ్‌ల అంకె రాదు, ఓఎల్ (OL) అనో 1 అనో ఉండిపోతుంది. నిజంగా పనితెలిసినవాళ్లు ఇలా అడిగితే కోపం తెచ్చుకోరు, మా రెండో మెకానిక్ అడక్కుండానే చూపించారు. ఏం మార్చారో, ఎంతకాలం గ్యారంటీనో బిల్లు మీద రాయించుకోండి. వారంటీలో ఉచితంగా మారిస్తే పాత పార్టు కంపెనీవాళ్లు తీసుకెళ్లడం మామూలే, కానీ మీ డబ్బుతో మార్పించుకుంటే పాతది మీ దగ్గరే ఉంచమనండి. బోర్డు "రిపేరుకి తీసుకెళ్తాం" అంటే దాని ఫొటో, సీరియల్ నంబర్ తీసుకోకుండా గడప దాటనివ్వొద్దు.

కొనబోయేవాళ్లకి ఇంకో రెండు సంగతులు. డబ్బా మీద పెద్ద అక్షరాలతో "మోటార్‌పై 10 సంవత్సరాల వారంటీ" అని ఉంటే అది సాధారణంగా డ్రమ్ము తిప్పే పెద్ద మోటార్‌కే. డ్రెయిన్ పంపుకి వర్తించేది మొత్తం మెషిన్‌కిచ్చే చిన్న వారంటీ మాత్రమే. ఫిల్టర్‌లో నాణెం ఇరుక్కుంటే అది వారంటీలో ఉన్నా చాలా కంపెనీలు రిపేరు కింద ఒప్పుకోవు, విజిట్ ఛార్జీ వేస్తాయి. వారంటీ కార్డులో మినహాయింపుల భాగం కొనేముందే చదవండి.

రెండోది, షాపులో మెషిన్ చూసేటప్పుడు ఫిల్టర్ మూత ఎక్కడుందో తీసి చూపించమనండి. కొన్ని మోడళ్లలో అత్యవసరంగా నీళ్లు తీసే సన్న పైపు ఉండదు, కొన్నింట్లో అసలు మనం తెరుచుకునే ఫిల్టరే ఉండదు. వంటింటి గట్టు కింద బిగించుకునేవాళ్లు ఆ మూత ముందు చెక్క పలక, మెట్టు రాకుండా చూసుకోండి, పళ్లెం పెట్టడానికి కూడా చోటు వదలండి.