ఎయిర్ బైపాస్ రోడ్డు డయాగ్నస్టిక్ సెంటర్‌లో గుండె చెకప్: డాక్టరు కోసం వెళ్లండి

మా నాయనకు షుగర్ ఉంది, ఈమధ్య మెట్లెక్కితే ఆయాసం వస్తోందంటే తిరుపతి ఎయిర్ బైపాస్ రోడ్డులో కొత్తగా తెరిచిన సెంటర్‌కు తీసుకెళ్లాం. శుభ్రంగా ఉంది, రిపోర్టులు సాయంత్రానికే ఇచ్చేశారు.

ప్యాకేజీ కాగితంలో ‘గుండె కొవ్వు పరీక్ష’ అని వేశారే, అది మాత్రం తప్పు. చేసేది మామూలు లిపిడ్ ప్రొఫైల్. రక్తంలో కొవ్వు ఎంతుందో చెబుతుంది గానీ గుండె కండరంలో ఎంత పేరుకుందో చెప్పదు, అది చూడాలంటే ఎమ్మారైలో స్పెక్ట్రోస్కోపీ అని వేరే పద్ధతి ఉంది. జనం ఆ పేరు చూసి డబ్బు కడతారు, దయచేసి మార్చండి.

కార్డియాలజిస్టు సార్ మాత్రం చాలా మంచాయన. "పంపింగ్ 60 శాతం, బాగానే ఉంది కదా సార్, మరి ఆయాసమెందుకు?" అనడిగితే ఎకో (గుండె స్కాన్) రిపోర్టులో ‘గ్రేడ్ 1 డయాస్టాలిక్ డిస్‌ఫంక్షన్’ (గుండె వదులై రక్తం నింపుకోవడంలో మొదటి దశ లోపం) అన్న లైను కింద పెన్నుతో గీత గీసి, కాగితం వెనకాల బొమ్మ వేసి చెప్పారు. గుండెకు కావలసిన శక్తిలో సగానికి పైగా కొవ్వు నుంచే వస్తుందట. కండర కణాల్లో సన్నటి బొట్లుగా కొంచెం దాచుకుంటుంది, ఏటీజీఎల్ అనే ఎంజైము వాటిని విడగొట్టి ఇస్తే కాల్చుకుంటుంది. పుట్టుకతోనే ఆ ఎంజైము పనిచేయనివాళ్లు చాలా అరుదు, వాళ్లలో కొవ్వు గుండెలోనే పేరుకుపోయి గుండె మార్పిడి దాకా వెళ్లినవాళ్లున్నారు. షుగర్‌లో కథ వేరు. ఇన్సులిన్ సరిగా పనిచేయక ఒంట్లోని కొవ్వు కరిగి రక్తంలోకి ఎక్కువగా వస్తుంది, గుండె తాను కాల్చగలిగినదానికంటే ఎక్కువ తీసుకుంటుంది, మిగిలిందాంట్లో కొంత సెరమైడ్లలాంటి హానిచేసే కొవ్వు పదార్థాలుగా మారి కండరాన్ని దెబ్బతీస్తుంది. అప్పుడు గుండె బిగుసుకుని, రక్తం నింపుకునేటప్పుడు సరిగా వదులవదు, ఆయాసం అందుకేనట. పిండే బలం మొదట్లో బాగానే ఉంటుంది, అందుకే పంపింగ్ అంకె ఒక్కటే చూసి ఊరుకోకూడదన్నారు.

"నెయ్యి మానేస్తే సరిపోతుందా సార్?" అన్నాడు నాయన. ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఉండే ఒకరకం కొవ్వు) 240 ఉన్నాయి, 150 లోపుండాలి. "నెయ్యి సంగతి సరే పెద్దాయనా, మూడు పూటలా తెల్లన్నం, టీలో చక్కెర ఎక్కువైతే లివర్ వాటిని కూడా ట్రైగ్లిజరైడ్లుగా మారుస్తుంది. షుగర్ అదుపులో పెట్టుకుని రోజూ నడవండి" అన్నారాయన. ఇంత ఓపిగ్గా చెప్పే డాక్టరు దొరకడం మా అదృష్టం.

ఇంకొకటి, పరగడుపున వచ్చిన షుగర్ పేషెంట్లను పదకొండు దాకా టోకెన్ పేరుతో కూర్చోబెట్టడం ప్రమాదం. వాళ్ల రక్తం ముందు తీసి టిఫిన్‌కు పంపేయండి. వెళ్లేవాళ్లు పాత ఎకో ఉంటే తీసుకెళ్లండి, పక్కపక్కన పెట్టి చూస్తారు.