చప్పుడు చేయని షటర్‌తో మూడేళ్లు

పాత డీఎస్ఎల్ఆర్ కెమెరాతో నాకు ఒకటే గొడవ. లోపల అద్దం లేచి పడే ఆ 'టక్' వినగానే ఎదుటివాళ్ల ముఖం మారిపోయేది. నాన్న పేపరు చదువుతూ, కళ్లజోడు ముక్కు చివరికి జారి, కునుకు తీస్తుంటారు. మొదటి ఫోటోకే ఉలిక్కిపడి లేచి చొక్కా సర్దుకునేవారు. రెండో ఫోటోకి ఆ కునుకూ లేదు, ఆ నాన్నా లేరు. అందుకే లోపల అద్దమే లేని మిర్రర్‌లెస్ కెమెరా కొన్నాను. మెగాపిక్సెళ్ల జోలికి పోలేదు, చప్పుడు లేకుండా తీసే సైలెంట్ మోడ్ ఉందా లేదా అన్నదొక్కటే చూశాను.

మొదటి రోజు నాన్న ఫోటోలు పదకొండు తీశాను. ఆయన కదల్లేదు. ఆ సంతోషంలో ఏడాదిపాటు ఆ మోడ్ నుంచి బయటికే రాలేదు.

అక్కడే దెబ్బతిన్నాను. మేనకోడలి వయొలిన్ కచేరీలో ముందు వరసలో కూర్చుని, మెల్లగా వాయించే చోట కూడా ధైర్యంగా రెండు వందల పైచిలుకు తీశాను. వెనక చిన్న స్క్రీన్ మీద అంతా బాగానే కనిపించింది. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో తెరిస్తే అన్నిటిలోనూ చారలు! నుదురు వెలుగు, కళ్లు చీకటి, గడ్డం మళ్లీ వెలుగు. కెమెరా నిలువుగా పట్టుకున్నవాటిలో చారలూ నిలువుగానే. కమాను కూడా కొంచెం వంగినట్టుంది. కెమెరా పాడైందనే అనుకున్నాను.

తప్పు ఎక్కడుందో తర్వాత తెలిసింది. సైలెంట్ మోడ్‌లో పనిచేసేది ఎలక్ట్రానిక్ షటర్. అందులో కదిలే తెర ఉండదు, వెలుగును పట్టే సెన్సరే బొమ్మను ఒక్కో వరసగా చదువుతుంది. నేను షటర్ వేగం 1/500 సెకను పెట్టినా, పై వరస నుంచి కింది వరస దాకా చదవడానికి నా కెమెరా లాంటివాటిలో సెకనులో ముప్పయ్యో వంతు దాకా పట్టొచ్చు. కరెంటు 50 హెర్ట్జ్ అయితే చాలా ఎల్ఈడీ లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుతాయి, అంటే ఒక్క ఫోటోలో దాదాపు మూడు చారలు. ఒక మినుకు పూర్తయ్యేంత సేపు, అంటే 1/100 పెట్టి ఉంటే చాలావరకు పోయేవి, కాకపోతే చేతి వేగానికి బొమ్మ అలికేసినట్టు వచ్చేది. లెన్స్‌లోనే రేకుల్లా తెరుచుకునే లీఫ్ షటర్ ఉన్న కెమెరాలకు ఈ చారల బెడద లేదు, చప్పుడూ అంతంతమాత్రమే. కానీ వాటిలో చాలావాటికి లెన్స్ మార్చలేం.

ఇంకో మాట. చప్పుడు ఆపేసి, చీకట్లో ఫోకస్ కోసం వెలిగే ఆ నారింజ రంగు దీపాన్ని మరిచిపోయాను. మెనూలో వెతికి ఆపేదాకా అదే నన్ను పట్టించింది.

'ఎవరికీ తెలియకుండా తీయొచ్చు' అని మొదట్లో అందరికీ గొప్పగా చెప్పేవాణ్ణి. ఒకసారి తెలియనామె నా వైపు తిరిగి "నన్ను తీశారా?" అని అడిగింది. ఫోటో చూపించి, అక్కడే డిలీట్ చేశాను. 'టక్' మంటే కనీసం ఆమెకు అప్పుడే తెలిసేది కదా! ఇప్పుడు బయటివాళ్లనైతే తీసిన వెంటనే చూపిస్తున్నాను.

నావి ఎక్కువగా ఇంట్లో, కిటికీ వెలుతురులో తీసే ఫోటోలు కాబట్టి నాకిది చాలు. స్టేజీ ఫోటోలు తీసేవాళ్లకైతే గట్టిగా చెప్పలేను. సెన్సర్ వేగంగా చదివే ఖరీదైన మోడళ్లు వేరే సంగతి, అవి నేను వాడలేదు. ప్రస్తుతానికి చప్పుడు చేసే మెకానికల్ షటర్‌కి మారే పనిని ఒక బటన్‌కి పెట్టుకున్నాను. హాల్లోకి అడుగుపెట్టగానే ముందు పైకి చూసి, లైట్లు ఏవో చూసుకుంటున్నాను.