దిగిన మందకంతా సూదా, జ్వరమొచ్చిన దూడకే సూదా?

అమెరికాలో టెక్సాస్, కాన్సస్, నెబ్రాస్కా ఫీడ్‌లాట్లలో (మాంసం కోసం పశువులను దాణాతో మేపే దొడ్లలో) లారీ దిగే దూడల్లో చాలావాటిని తల్లి దగ్గర నుంచి విడదీసి ఒకటి రెండు రోజులే అయి ఉంటుంది. సంతలో పది మందల దూడలతో కలిసిపోయి, మేతా నీళ్లూ లేకుండా వందల కిలోమీటర్లు వచ్చి ఉంటాయి. మొదటి మూడు నాలుగు వారాల్లో వీటికి పట్టుకునే ఊపిరితిత్తుల జబ్బునే షిప్పింగ్ ఫీవర్ అంటారు. ముందు ఐబీఆర్, బీవీడీ, బీఆర్ఎస్‌వీ వంటి వైరస్‌లు శ్వాసనాళం లోపలి పొరను దెబ్బతీస్తాయి. అంతవరకు ముక్కులో ఊరికే ఉన్న మాన్‌హైమియా హీమోలిటికా, పాశ్చురెల్లా మల్టోసిడా అనే బ్యాక్టీరియాలు అప్పుడు కిందికి దిగి న్యుమోనియా తెస్తాయి. మన గేదెలకు తొలకరిలో వచ్చే గొంతువాపుకు కారణం కూడా పాశ్చురెల్లా మల్టోసిడాయే, రకాలు మాత్రం వేరు. అమెరికా వ్యవసాయ శాఖ 2011 సర్వే ప్రకారం ఫీడ్‌లాట్‌కు వచ్చిన పశువుల్లో సుమారు 16 శాతానికి ఈ జబ్బు వచ్చింది. సుమారు 21 శాతానికి జబ్బు బయటపడకముందే గుంపుగా యాంటీబయాటిక్ వేశారు. ఈ గుంపు సూదినే మెటాఫిలాక్సిస్ అంటారు.

ముందు మందు లెక్క చూద్దాం. 230 కిలోల దూడకు తులాత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ కిలోకు 2.5 మిల్లీగ్రాముల చొప్పున, అంటే మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములున్న మందు 5.75 మిల్లీలీటర్లు, మెడ దగ్గర చర్మం కింద వేయాలి. నూరు దూడలకు 575 మిల్లీలీటర్లు అవుతుంది. అదే జబ్బుపడ్డ వాటికే వేస్తే, ముప్పై జబ్బుపడితే సుమారు 173, ఎనిమిదే పడితే 46. కాగితం మీద రెండో పద్ధతే గెలుస్తుంది. దొడ్డిలో అలా జరగకపోవడానికి కారణం, జబ్బుపడ్డ దూడ ఏదో మనకు సరిగ్గా కనబడదు.

దూడ వేటాడబడే జాతి జంతువు. మనిషి దగ్గరికొస్తే నీరసం దాచి తల ఎత్తి నిలబడుతుంది. తల వేలాడటం, డొక్క లోపలికి పోవడం, తొట్టి దగ్గరికి రాకపోవడం, ఊపిరి వేగం, ఆపైన 40 డిగ్రీల సెల్సియస్ జ్వరం: పెన్ రైడర్, అంటే గుర్రమెక్కి దొడ్డిలో జబ్బువాటిని వెతికే మనిషి, చూసేది వీటినే. 2009లో వేసిన ఒక అంచనా ప్రకారం ఈ కంటిచూపు జబ్బున్న పదింటిలో ఆరింటినే పట్టుకుంటుంది, ఆరోగ్యంగా ఉన్న పదింటిలో దాదాపు నాలుగింటిని జబ్బువిగా తప్పుపట్టేస్తుంది. దొరకనివాటికి ఊపిరితిత్తి గట్టిపడిపోతుంది. ఆ తర్వాత ఎంత మంచి మందైనా అక్కడికి చేరేది కొంతే. ఎండాకాలం మధ్యాహ్నం పట్టి చూస్తే ఒంటివేడి అన్నింటికీ పెరిగే ఉంటుంది కాబట్టి ఈ పని తెల్లవారుజామునే చేయాలి. మధ్యాహ్నపు థర్మామీటర్‌ను నమ్మి వేసిన సూదులు చాలావరకు వృథా.

గుంపు సూదికున్న బలం ఇక్కడే. తులాత్రోమైసిన్ ఊపిరితిత్తుల్లో సగానికి తగ్గడానికి ఎనిమిది రోజులకు పైనే పడుతుంది. జబ్బు పైకొచ్చే వారమంతా అది అక్కడే ఉంటుంది. కానీ అదే దాని చెడుగు కూడా. రెండు వారాల తర్వాత ముక్కులో మిగిలేవి చాలాసార్లు ఆ మందుకు లొంగని మాన్‌హైమియాలే. ఈ బ్యాక్టీరియాలు నిరోధక జన్యువులను ఒక్కొక్కటిగా కాక మూటగా పట్టుకుని తిరుగుతాయి. 2005లో నెబ్రాస్కా ఫీడ్‌లాట్ దూడ నుంచి తీసిన ఒక పాశ్చురెల్లాలో అలాంటి ఒకే మూటలో 12 జన్యువులు దొరికాయి. ఒక మందు వాడితే, వాడని మందులకు కూడా నిరోధకత పెరిగేది ఇందుకే.

గ్రాముల లెక్క ఇక్కడ కళ్లకు గంతలు కడుతుంది. అదే దూడకు దీర్ఘకాల ఆక్సిటెట్రాసైక్లిన్ కిలోకు 20 మిల్లీగ్రాముల చొప్పున 4.6 గ్రాములు పడుతుంది, తులాత్రోమైసిన్ అయితే 0.575 గ్రాములే. మందు ఎనిమిది రెట్లు తగ్గిందని సంబరపడకూడదు, తులాత్రోమైసిన్ మనుషుల వైద్యంలో కీలకమైన మాక్రోలైడ్ కుటుంబానిది. కాలేయంలో చీముగడ్డలు రాకుండా దాణాలో రోజూ కలిపే టైలోసిన్ కూడా ఆ కుటుంబమే. జబ్బుతో నిమిత్తం లేకుండా నెలల తరబడి ప్రతి పశువుకూ అందే ఆ మందు గురించి జరగాల్సినంత చర్చ జరగడం లేదు. దాణాలో ముతక మేత పెంచితే ఆ గడ్డలు తగ్గుతాయి, బరువు పెరిగే వేగం కొంత తగ్గుతుంది.

కాబట్టి మా తీర్పు మంద పుట్టుపూర్వోత్తరాలను బట్టి మారుతుంది. సంతలో కలిపిన, టీకా చరిత్ర తెలియని, 250 కిలోల లోపు, వచ్చాకే విత్తులు కొట్టాల్సిన దూడలైతే గుంపు సూది ఒక్కసారి సమర్థనీయం. ఒకే రాంచ్ (దూడలు పుట్టి పెరిగే పశుక్షేత్రం) నుంచి వచ్చినవి, ఏడాది వయసున్నవి అయితే వేయకూడదు, వాటికి మంచి పెన్ రైడర్ చాలు. అన్ని లారీలకూ ఒకే ప్రోటోకాల్ రాసిపెట్టడమే అసలు తప్పు. యూరప్‌లో 2022 జనవరి 28 నుంచి అమలైన చట్టం ప్రకారం గుంపులో కొన్నింటికి జబ్బు నిర్ధారణ అయితేనే మిగతావాటికి వేయవచ్చు. అమెరికాలో 2023 జూన్ నుంచి, అంతకుముందు చీటీ లేకుండా దొరికిన యాంటీబయాటిక్‌లకు కూడా పశువైద్యుడి చీటీ తప్పనిసరి, అయినా గుంపు సూది వేయాలా వద్దా అన్న నిర్ణయం ఆయన చేతిలోనే ఉంది.

గుంపు సూది, జబ్బువాటికే సూది, ఈ రెండింటికంటే మేలైనది రాంచ్ దగ్గరే ఉంది: అమ్మడానికి 45 రోజుల ముందే పాలు మాన్పించి, అంతకు రెండు నుంచి నాలుగు వారాల ముందు ఒకసారి, మాన్పించేటప్పుడు రెండోసారి వైరస్ టీకా వేసి, తొట్టిలో మేత తినడం, తొట్టెలో నీళ్లు తాగడం నేర్పి పంపడం. కొమ్ములు, విత్తుల గాయాలు అక్కడే మానిపోతాయి. ఈ పద్ధతి అంతటా పాకకపోవడానికి కారణం డబ్బే. ముప్పై దూడలున్న రైతు 45 రోజుల మేత ఖర్చు పెడతాడు, లాభం మాత్రం కొన్నవాడికి. సంతలో అదనపు ధర ఆ ఖర్చును ప్రతిసారీ తేదు. ఆ తేడా కొనేవాడు ముందే ఒప్పందంలో రాసి ఇవ్వడం న్యాయం.

గుంపు సూది వేయాల్సే వస్తే బరువు కళ్లతో అంచనా కట్టొద్దు, తూకం వేయాలి. తక్కువ మోతాదు పడితే నిరోధకతకు మనమే దారి వేసినట్లు. ఒక్కచోట 10 మిల్లీలీటర్లు మించకూడదు, తొడ కండలో అసలే వద్దు, మాంసం పాడవుతుంది. అమెరికా లేబుల్ ప్రకారం కోతకు ముందు 18 రోజుల విరామం ఉండాలి. నాలుగో రోజు ఒక దూడ నీరసంగా కనబడితే తొందరపడి ఇంకో మందు ఎక్కించవద్దు. మొదటిది ఇంకా పనిచేస్తూనే ఉంటుంది, సాధారణంగా ఏడు రోజులు ఆగుతారు. ఆ తర్వాత కూడా జ్వరముంటే వేరే కుటుంబం మందు, ఉదాహరణకు ఫ్లోర్‌ఫెనికాల్ కిలోకు 40 మిల్లీగ్రాములు చర్మం కింద ఒకసారి. చావులు మొదలైతే, వీలైనంతవరకు ఇంకా మందు పడని దూడ శవాన్ని కోసి, గట్టిపడిన భాగానికీ బాగున్న భాగానికీ మధ్య అంచు ముక్కను చల్లగా ఉంచి ల్యాబ్‌కు పంపాలి. రెండో మందు ఏదో ఆ రిపోర్టు చూశాకే తేల్చాలి.